అక్రిలిక్‌తో పటం కడుతున్నారా? ముందు సందు లెక్క చూడండి

[దృశ్యం: బల్ల మీద 18 బై 24 అంగుళాల ఒంగోలు గిత్త ఫోటో. పక్కన ఫిల్మ్ తియ్యని 3 ఎంఎం అక్రిలిక్ షీటు, టేకు ఫ్రేము.]

నమస్కారం. ఈ గిత్త ఫోటోకి అద్దం బదులు అక్రిలిక్, అంటే అద్దంలా కనపడే ప్లాస్టిక్ షీటు వేసి పటం కడదాం. ఈ సైజుకి 3 ఎంఎం అద్దం 2 కిలోల పైచిలుకు తూగుతుంది. అదే మందం అక్రిలిక్ కిలోకి అటూఇటూ. గోడ మేకుకి సగం బరువు తగ్గినట్టే. కింద పడినా అద్దంలా పెంకులు పెంకులుగా చెదరదు.

కానీ అద్దం కట్టినట్టే దీన్నీ కడితే మన ఎండలకి పొట్ట ఉబ్బి కూర్చుంటుంది.

[దృశ్యం: ఫ్రేము గాడిలో బిగుతుగా ఇరికించిన షీటు. పక్క నుంచి చూస్తే మధ్యలో వంపు.]

కారణం చెప్తాం. మీటరు పొడవున్న అక్రిలిక్ ఒక్కో డిగ్రీ వేడికి 0.07 మిల్లీమీటరు సాగుతుంది. అద్దంతో పోలిస్తే ఏడెనిమిది రెట్లు. జనవరి తెల్లారుజామున వరండాలో 20 డిగ్రీలు, రోహిణి కార్తెలో 44 అనుకోండి. 24 అంగుళాల షీటు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అది చాలదన్నట్టు మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో గాలిలో తేమ పీల్చుకుని ఇంకాస్త పెరుగుతుంది. గాడిలో చోటు లేకపోతే ఎటు పోతుంది? మధ్యలో వంగుతుంది.

అందుకని గాడి లోపలి కొలత తీసుకుని, పొడవులో 3 ఎంఎం, వెడల్పులో 2 ఎంఎం తగ్గించి కొయ్యండి. ఫ్రేము పెదవి, అంటే షీటు అంచుని ముందు నుంచి కప్పే భాగం, 6 ఎంఎం ఉంటే ఆ సందు బయటికి కనపడదు. మందం విషయానికొస్తే 12 బై 18 దాకా 2 ఎంఎం చాలు, 24 బై 36 దాకా 3 ఎంఎం, అంతకు మించితే 4 లేదా 5. డబ్బులు మిగులుతాయని పెద్ద పటానికి 2 ఎంఎం వెయ్యబాకండి, కాయితంలా ఊగుతుంది.

[దృశ్యం: స్టీలు స్కేలు, కొక్కెం బ్లేడున్న అక్రిలిక్ కట్టర్, రెండు క్లాంపులు. దగ్గరగా కట్టర్ మొన.]

కోత. షీటుకి గీతలు పడకుండా అంటించి వచ్చే ఫిల్మ్ రెండు వైపులా అలాగే ఉండాలి. గీత గీసి, స్కేలుని క్లాంపులతో బిగించి, కట్టర్‌ని మన వైపుకి లాగండి. మొదటి రెండు లాగుళ్లు తేలిగ్గా, దారి పడేదాకే. ఆ తర్వాత బరువు పెట్టి ఇంకో ఎనిమిది, పది. సన్నటి తెల్లటి పీచు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంటే కోత సరిగా పడుతున్నట్టు. పొడి రాలుతుంటే మొన మొద్దుబారింది, మార్చండి. 3 ఎంఎం షీటులో కనీసం ఒక ఎంఎం లోతు గాడి పడాలి. ఆ గీతని బల్ల అంచుకి సరిగ్గా తెచ్చి, పైభాగాన్ని పలకతో అదిమి, బయట ఉన్న ముక్కని ఒక్క ఊపున కిందికి వంచండి. మెల్లగా, భయపడుతూ వంచితే గీత తప్పి పక్కకి పగులుతుంది. గాడి అంచుదాకా పడకపోతే మూల విరుగుతుంది. ఎక్కువ ముక్కలు పాడయ్యేది ఈ రెండు తప్పుల వల్లే.

అంచుని కట్టర్ వీపుతో గీకి, 220 నంబరు, తర్వాత 400 నంబరు నీటి కాయితంతో (తడిపి రుద్దే గరుకు కాయితం) రుద్దండి. ఫ్రేములోకి పోయే అంచే కాబట్టి మెరుపు అక్కర్లేదు.

[దృశ్యం: ఫోటో, దాని మీద కిటికీ కోసిన మౌంట్ బోర్డు, పైన షీటు.]

ఇక రెండో సందు, ఫోటోకీ షీటుకీ మధ్య. ఇది మరీ ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ముసురు, తుఫాన్లు. గాలిలో తేమ ఫోటో పైపూతని మెత్తబరుస్తుంది. షీటుకి తగిలి ఉంటే అక్కడే అతుక్కుపోతుంది. బలవంతంగా లాగితే రంగు షీటు మీదే ఉండిపోతుంది. పాత పెళ్లి ఫోటోలకి రెండో కాపీ ఉండదు కదా, జాగ్రత్త. మధ్యలో కనీసం 1.5 ఎంఎం మౌంట్ బోర్డు కిటికీ, అంటే ఫోటో కనపడేలా నడుమ కోసిన మందపాటి అట్ట, పెట్టండి. ఈ సైజుకి రెండు పొరలు వేస్తే నిశ్చింత. కిటికీ వద్దనుకుంటే ఫ్రేము పెదవి కింద 3 ఎంఎం అక్రిలిక్ పట్టీలు నాలుగు వైపులా పెట్టండి.

ఫోటో వెనక మొత్తం ఫెవికాల్ పూయబాకండి. నీళ్ల జిగురు కాయితాన్ని ముడతలు పెడుతుంది, తియ్యాలన్నా రాదు. మంచి కాయితంతో చిన్న జేబుల్లా నాలుగు మూలలు మడిచి, వాటిని మాత్రమే వెనక బోర్డుకి అంటించి, ఫోటో మూలలు అందులో దూర్చండి. ఫోటోకి చుక్క జిగురు కూడా తగలదు.

బొగ్గు, పాస్టెల్ బొమ్మలకి మాత్రం అద్దమే కట్టండి. అక్రిలిక్‌కి స్థిర విద్యుత్తు ఎక్కువ, పొడి రంగుని పైకి లాగేసుకుంటుంది.

[దృశ్యం: ఫిల్మ్‌ని మూల నుంచి నెమ్మదిగా వలుస్తున్న చేతులు.]

ఫిల్మ్ చివర్లోనే, లోపలి వైపు ముందు, మెల్లగా వలవండి. నెలల తరబడి ఎండలో పెట్టిన షీటుకైతే అది మొండికేస్తుంది. మిగిలిన జిగురుని కొబ్బరినూనె రాసి మెత్తబరిచి, సబ్బునీళ్లతో తుడవండి. థిన్నరు, స్పిరిట్, అద్దాలు తుడిచే నీలం స్ప్రే దగ్గరికి కూడా రానివ్వబాకండి. సన్నటి వెంట్రుకల్లాంటి బీటలు తీస్తాయి, అవి ఇక పోవు. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడటమే కాదు, స్థిర విద్యుత్తు పుట్టి దుమ్ము ఇంకా పడుతుంది. తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చాలు.

ఫ్రేము లేకుండా నాలుగు స్టడ్లతో (షీటుని గోడకి ఎడంగా నిలిపే బోల్టు బిళ్లలు) గోడకి కొట్టాలనుకుంటే, రంధ్రం నడిబొడ్డు అంచు నుంచి 25 ఎంఎం లోపలికి, బోల్టు కన్నా 2 ఎంఎం పెద్దగా ఉండాలి. కింద చెక్క పెట్టి, డ్రిల్ నెమ్మదిగా తిప్పండి. ఇనుముకి వాడే బిట్ అవతలికి తేలే క్షణంలో గుంజి పగలగొడుతుంది. అక్కడ ఒత్తిడి పూర్తిగా తగ్గించాలి. స్టడ్ వేళ్లతో బిగించండి, పానాతో కాదు.

[దృశ్యం: పటం వెనక భాగం. బ్రౌన్ టేపు, కింద రెండు మూలల్లో రబ్బరు బిళ్లలు.]

వెనక బోర్డుని మేకులతో నిలిపేటప్పుడు షీటుని నొక్కకుండా చూడండి. చుట్టూ టేపు వేసి, కింద మూలల్లో 5 ఎంఎం రబ్బరు బిళ్లలు అంటించండి. వానకి చెమర్చే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడైతే వేరే చోటు వెతకండి. మామూలు అక్రిలిక్ ఎండ దెబ్బకి తట్టుకుంటుంది, వెనకున్న ఫోటో తట్టుకోదు.