ఊరి నీళ్ళే పాఠ్యాంశం

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండ జిల్లా పల్లెల్లో పెరిగిన పిల్లలకు ఫ్లోరైడ్ అన్న మాట రసాయనశాస్త్రం పుస్తకం తెరవకముందే తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై గార పట్టిన పళ్ళను, వంకర తిరిగిన కాళ్ళను, నిటారుగా నిలవలేని నడుములను మర్రిగూడ ప్రాంతంలో తరతరాలుగా చూశాము. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లవాడు డిగ్రీలో చేరి, ఫ్లోరిన్ ధర్మాలను వల్లెవేసి పరీక్ష రాసి, తమ వాడకట్టులోని బోరు నీటిని ఒక్కసారి కూడా పరీక్షించకుండానే పట్టా పుచ్చుకుంటే, ఆ చదువు సగంలోనే ఆగిపోయిందని నేను భావిస్తాను.

చదువుకు సేవను జోడించాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం, అంటే మనం ఎన్.ఎస్.ఎస్. అని పిలుచుకునేది, మొదలైంది. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు పనిచేస్తాడు; దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో ఉంటాడు. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ కూడా ఉన్నత విద్యాసంస్థలను పల్లెలతో కలపడానికి ఉద్దేశించినదే. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి కనుక, ఈ పనికి కావలసిన ప్రయోగశాలలూ అధ్యాపకులూ ఇప్పుడు మన ఊళ్ళకు దగ్గరలోనే ఉన్నారు.

శిబిరంలో వీధులు ఊడ్చడం, మొక్కలు నాటడం, ర్యాలీ తీయడం మంచి పనులే. అయితే అవి విద్యార్థి చదువుతున్న సబ్జెక్టును తాకవు. ఎనిమిదో రోజున తరగతిలో కూర్చుంటే పాఠం పాఠంగానే, ఊరు ఊరుగానే మిగిలిపోతాయి. నేను కోరేది, ఊళ్ళో చేసిన పని మళ్ళీ తరగతికి వచ్చి చర్చకు నిలిచి, మార్కులకు ఎక్కి, మరింత బాగా తెలుసుకుని తిరిగి ఊరికి వెళ్ళే పద్ధతి.

ఫ్లోరైడ్ విషయమే తీసుకుందాం. లీటరు తాగునీటిలో అది ఒక మిల్లీగ్రాముకు మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా సహించవచ్చునని మన దేశపు ప్రమాణం. దానికి రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచితే అది పోదు సరికదా, నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్ళు పెరుగుతాయి. ఈ ఒక్క మాట ఇంటింటా వివరంగా చెప్పగలిగితే అదే పెద్ద మేలు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, కలియబెట్టి, తేరనిచ్చి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి ప్రపంచమంతటా 'నల్లగొండ పద్ధతి' అనే పేరు. 1970లలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, నీరీ, దానిని రూపొందించింది. పటిక మోతాదు నీటి క్షారతను బట్టి మారుతుందనీ, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదనీ ఒక బకెట్ ముందు కూర్చున్న విద్యార్థి ఎన్నటికీ మరచిపోడు. ఇప్పుడు ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. అయినా ఏ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారు, ఎందుకు తాగుతున్నారు అన్నది వాకిట్లో కూర్చుని అడిగితేనే తెలుస్తుంది.

పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతానికి వస్తే, ఊరి సమస్యను పాఠంగా మలచుకునే ఇదే పని అర్థశాస్త్రం విద్యార్థిది. కూలీలను పనులకు తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస వెళ్ళిన కుటుంబానికి చివరకు చేతిలో ఎంత మిగిలిందో లెక్కకట్టి చూడటం ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోని పాఠం. కాని వానాకాలం పంట చేతికొచ్చాక ఊరు విడిచినవారు మళ్ళీ వానలు పడే వేళకే తిరిగివస్తారు. ఎండాకాలపు సెలవుల్లో శిబిరం పెట్టుకుంటే తాళాలే పలకరిస్తాయి. కాబట్టి శిబిరం తేదీలు కాలేజీ క్యాలెండరును బట్టి కాక, ఊరి వ్యవసాయాన్ని బట్టి నిర్ణయించాలి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. సర్వే కాగితాలు నింపుకుని వెళ్ళినవారు ఫలితం చెప్పడానికి తిరిగి రాకపోతే, ఊరివాళ్ళకు విసుగు రావడం న్యాయమే. ప్రతి బోరు లెక్కనూ తెలుగులో రాసి పంచాయతీ గోడకు అతికించాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి. "బిడ్డా, గీ నీళ్ళు మా మనుమడికి తాపొచ్చునా?" అని ఒక ముసలమ్మ అడిగినప్పుడు, విద్యార్థి లెక్క చూపించి, కారణం చెప్పి, ఆమెకు అర్థమయ్యే మాటల్లో అవుననో కాదనో చెప్పగలగాలి. అధ్యాపకుడు అతనికి మార్కులు వేయవలసింది ఆ జవాబు విన్న తర్వాతనే.

నమస్కారం.