72 అన్నారు, 95 గెలిచారు: అయినా నేను ప్రాజెక్షన్లు ఎందుకు చూస్తాను

[స్క్రీన్ మీద రెండు అంకెలు: 72, 95]

ప్రతి ఫిబ్రవరిలోనూ మా వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. బేస్‌బాల్ సీజన్‌కి పెకోటా లెక్కలు బయటికొస్తాయి. ఏ టీమ్ ఎన్ని గెలుస్తుందో, ఏ ఆటగాడు ఎలా ఆడతాడో సీజన్‌కి ముందే అంచనా వేసే సిస్టమ్ పేరు పెకోటా, ఆ అంచనాలనే ప్రాజెక్షన్లు అంటారు. ఎవరో స్క్రీన్‌షాట్ పెడతారు. వెంటనే ఇంకొకరు "ఉగాది రాకుండానే పంచాంగ శ్రవణం మొదలెట్టారా?" అంటారు. అందరూ నవ్వుతారు. ఆ తర్వాత ఎవరో ఒకరు 2015 కాన్సస్ సిటీ రాయల్స్‌ని బయటికి తీస్తారు. ఆ ఏడాది పెకోటా వాళ్లకి 72 గెలుపులు ఇచ్చింది. వాళ్లు 95 గెలిచి వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్) కూడా పట్టుకుపోయారు. ఇక మాట్లాడేదేముంది అన్నట్టు గ్రూపంతా సైలెంట్ అయిపోతుంది.

మాట్లాడేది చాలా ఉంది, అందుకే ఈ వీడియో. ఆట బేసిక్స్ మీకు నేను చెప్పక్కర్లేదు. నేరుగా మామిడి తోటలోకి వెళదాం.

అవును, తోటలోకే. మా పెదనాన్న నూజివీడు చుట్టుపక్కల తోటలు పూత మీద కొనేవారు. కాయ కంటికి కనబడకముందే రైతుతో బేరం కుదరాలి. తోటంతా ఒక చుట్టు తిరిగొచ్చి, జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి "ఇరవై టన్నులు" అని రాసుకునేవారు. "అంత గట్టిగా ఎలా చెప్తావు పెదనాన్నా?" అని ఒకసారి అడిగాను. "పోయిన మూడేళ్లూ ఎంత కాసిందో కనుక్కున్నాను. చెట్ల వయసు చూశాను. ఈ పక్క తోటలు మామూలుగా ఎంత కాస్తాయో నాకు తెలుసు. ఇంకేం కావాల్రా?" అన్నారు.

టామ్ టాంగో అనే విశ్లేషకుడు తయారుచేసిన మార్సెల్ అనే సిస్టమ్ చేసేది అచ్చం ఇదే. బ్యాటర్ గత మూడేళ్ల ఆటకి 5, 4, 3 చొప్పున వెయిటేజీ ఇస్తుంది, నిరుటి ఆటకి ఎక్కువ. అందులో లీగ్ సగటు కొంత కలుపుతుంది. వయసు 29 దాటితే కొంచెం తగ్గిస్తుంది, 29 లోపైతే కొంచెం పెంచుతుంది. అయిపోయింది. మార్సెల్ అనేది ఒక టీవీ సీరియల్‌లో కోతి పేరు. కోతి కూడా వేయగలిగినంత తేలిక లెక్క అని ఆయన ఉద్దేశం. పెద్ద పెద్ద సిస్టమ్‌లు ఈ కోతిని దాటడానికి చెమటోడుస్తాయి, దాటినా కాస్త తేడాతోనే. నాకు ఈ రంగంలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇది.

ఫ్యాన్స్‌కి మంట పుట్టించేది ఆ లీగ్ సగటు కలపడమే. "మావాడు నిరుడు 40 హోమ్ రన్లు కొట్టాడు, వీళ్లు 31 అంటారేంటి?" అంటారు. విరగకాసిన తోటకి మరుసటి ఏడాది పెదనాన్న అదే లెక్క కట్టేవారు కాదు. (మామిడికి ఏడాది విడిచి ఏడాది కాసే గుణం వేరే ఉంది, బ్యాటర్లకి లేదు. పోలిక ఇక్కడ కొంచెం జారింది, సర్దుకోండి.) విరగకాసిందంటే అందులో చెట్టు బలం కొంత, ఆ ఏడాది వాతావరణం కలిసిరావడం కొంత. చెట్టు బలం ఎటూ పోదు. వాతావరణం మళ్లీ అలాగే ఉండాలని రూలేం లేదు.

ఇప్పుడు నాకు అసలు చిరాకు తెప్పించే విషయం. పెకోటా ఒక ఆటగాడికి ఒకే అంకె ఇచ్చి ఊరుకోదు. బాగా కలిసొస్తే ఇంత, దెబ్బతింటే ఇంత అని మెట్లు మెట్లుగా ఇస్తుంది. మనం మధ్యమెట్టు ఒక్కటే స్క్రీన్‌షాట్ తీసి, అది వాళ్లిచ్చిన మాట అన్నట్టు అక్టోబర్‌లో నిలదీస్తాం.

[నాణెం చూపిస్తూ]

ఈ నాణేన్ని 162 సార్లు ఎగరేయండి, ఒక టీమ్ సీజన్‌లో ఆడే మ్యాచ్‌లు అన్ని. సగటున 81 సార్లు బొమ్మ పడాలి. కానీ ఆ ఆట మొత్తం పదిసార్లు ఆడితే, బొమ్మల లెక్క 75కీ 87కీ మధ్య ఉండేది ఏడుసార్లే. నాణెంలో మోసం లేదు, అది అంతే. కాబట్టి ఒక్కో టీమ్ అసలు బలం ఎంతో దేవుడే దిగొచ్చి చెప్పినా, 30 టీమ్‌లలో తొమ్మిదో పదో ఆరు గెలుపుల కంటే ఎక్కువే తప్పుతాయి. ఒకటో రెండో టీమ్‌లు 13 గానీ, అంతకు మించి గానీ తప్పుతాయి. అదీ గాయాలూ, ట్రేడ్‌లూ (టీమ్‌లు ఆటగాళ్లని మార్చుకోవడం) ఏమీ లేకుండా. మనం ప్రతి ఏడాదీ ఆ ఒకటి రెండు టీమ్‌లనే పట్టుకుని వేలాడతాం.

తోటలో దీన్ని ఈదురుగాలి అంటారు. 2023లో శాన్ డియేగో పాడ్రేస్ ప్రత్యర్థుల కంటే 104 పరుగులు ఎక్కువ చేశారు. అంత తేడా ఉన్న టీమ్ మామూలుగా 90 దాటుతుంది. వాళ్లు ఆగింది 82 దగ్గర, ఎందుకంటే ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో 9 గెలిచి 23 ఓడారు. 2012 బాల్టిమోర్ ఓరియోల్స్‌ది దీనికి తలకిందులు. అలాంటి మ్యాచ్‌లలో 29 గెలిచి 9 మాత్రమే ఓడారు. "టెన్షన్‌లో గెలవడం వీళ్లకి వచ్చు" అన్నారు అందరూ. మరుసటి ఏడాది అవే మ్యాచ్‌లలో 20 గెలుపులు, 31 ఓటములు. వచ్చిన విద్య ఒక్క ఏడాదిలో ఎక్కడికి పోయిందో!

మరి రాయల్స్? నిజాయితీగా చెప్పాలి, 72 నుంచి 95కి తేడా 23. అది గాలి ఒక్కటే చేసే పని కాదు. అక్కడ చెట్టునే తప్పు కొలిచారు. ఆ టీమ్ బ్యాటర్లు స్ట్రయికౌట్ అవడం (బంతిని ఆటలోకి కొట్టకుండానే అవుట్ అవడం) అన్ని టీమ్‌లలోకీ అతి తక్కువ, ఫీల్డింగ్ గట్టిది, ఏడో ఇన్నింగ్స్ నుంచి బుల్‌పెన్ (మధ్యలో దిగే మార్పు పిచర్లు) వస్తే ఎదుటివాడికి ఊపిరాడదు. ఇవన్నీ కలిస్తే వచ్చే బలం పెకోటాకి సరిగ్గా అందలేదు. తమాషా ఏంటంటే, నేట్ సిల్వర్ తయారుచేసిన ఈ సిస్టమ్‌కి ఆ పేరు వచ్చిందే బిల్ పెకోటా అనే పాత రాయల్స్ ఆటగాడి నుంచి. సొంతింట్లోనే పరువు పోయింది.

అయితే ఈ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. 2016లో, ఛాంపియన్లుగా ఉన్న అదే టీమ్‌కి పెకోటా 76 ఇచ్చింది. కాన్సస్ సిటీ జనం నవ్వారు, తిట్టారు, "వీళ్లు ఇంకా నేర్చుకోలేదు" అన్నారు. సీజన్ ముగిసేసరికి రాయల్స్ 81 గెలిచి 81 ఓడారు. పెకోటా తప్పింది అయిదు గెలుపులు. మళ్లీ 95 వస్తాయనుకున్న ఫ్యాన్ తప్పింది పద్నాలుగు. ఇది గ్రూపులో పెడితే ఒక్కడూ రిప్లై ఇవ్వలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

2021 శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్. లెక్క 75 దగ్గర ఉంటే, గెలిచింది 107. నేను ఉండేది బే ఏరియాలో, ఆ ఏడాది నేనూ ఈ లెక్కల్ని తిట్టాను, ఒప్పుకుంటున్నాను. ఆ టీమ్‌లో బస్టర్ పోసీ, బ్రాండన్ క్రాఫర్డ్ ఇద్దరికీ 34 ఏళ్లు. ముసలి చెట్లు ఒక్కసారిగా విరగకాశాయి. ఏ వ్యాపారీ దానికి ముందే ధర కట్టడు. పోసీ ఆ సీజన్‌తో రిటైర్ అయ్యాడు, 2022లో టీమ్ సరిగ్గా 81 దగ్గర ఆగింది.

కొత్త మొక్కలు. మూడేళ్ల కాపు చరిత్ర లేనివాడి దగ్గర లెక్క బలహీనం. 2009లో మాట్ వీటర్స్ ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ ఆడకముందే పెకోటా అతన్ని పెద్ద బ్యాటర్ల వరసలో కూర్చోబెట్టింది. మంచి క్యాచరే అయ్యాడు, ఆ వరసలోకి మాత్రం రాలేదు. ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడతారన్నది మరీ కష్టం, అక్కడ మనుషులు కూర్చుని ఊహించాల్సిందే. జూలై ట్రేడ్‌ల సంగతి ఫిబ్రవరిలో ఎవరికి తెలుసు? ఇవన్నీ ఒక్కోటీ ఒక్కో వీడియో.

నమ్మాలా వద్దా అని అడిగేవాళ్లకి నాది ఒకటే పందెం. మీ టీమ్ ఒక్కటే కాదు, 30 టీమ్‌లకీ మీ అంకెలు సీజన్ మొదలవకముందే రాసిపెట్టండి. ఆఖర్లో మొత్తం తప్పులు కూడి చూద్దాం. ముప్ఫై తోటలు కొన్నవాడు ఒక తోటలో నష్టపోయినా వ్యాపారంలో ఉంటాడు.

అన్నట్టు, పెదనాన్న నోటుపుస్తకంలో ఇరవై టన్నులని రాసుకుని, రైతు దగ్గర బేరం మాత్రం పదహారు టన్నుల లెక్కన మొదలుపెట్టేవారు. మీరు కూడా కామెంట్‌లో ఒక్క అంకె రాయకండి, రెండు రాయండి: మీ టీమ్ ఎంతకి తగ్గదు, ఎంతకి మించదు. సెప్టెంబర్ ఆఖర్న తీసి చూస్తాను. డిలీట్ చేసినవాళ్ల స్క్రీన్‌షాట్లు నా దగ్గర ఉంటాయి.