బరంపురం అని కొడితే

అందరికీ నమస్కారం. పెద్దలకీ, కమిటీ వాళ్లకీ, వెనకాల గోడకానుకుని నిలబడ్డ కుర్రాళ్లకీ. పది నిమిషాలిచ్చారు, అందులో రెండు ఈ మైకే తినేసింది, కాబట్టి పేరుపేరునా చెప్పట్లేదు, ఏమనుకోకండి.

మన లైబ్రరీ సైట్‌లో సెర్చ్ గురించి చెప్పమన్నారు. ముందు నా తప్పు చెప్తాను. పుస్తకం పేరు, రాసినాయన, ఊరు, సంవత్సరం, ఎవరిచ్చారు, అన్నీ కలిపి ఒకే డబ్బాలో కుక్కేశాను, ప్రతి పేజీ అడుగున లైబ్రరీ అడ్రసు ఉంటుంది చూశారా, అదీ అందులోకే పోయింది. ఓరోజు రైల్వేలో రిటైరైన పెద్దాయన వచ్చి, బాబూ, మన బరంపురం మీద పుస్తకాలేటున్నాయో చూడు అన్నారు. కొట్టాను. ఉన్నవన్నీ వచ్చేశాయి, ఆవకాయల పుస్తకంతో సహా! అడ్రసులో బరంపురం ఉంది కదా మరి. అన్నిట్లోనూ ఉన్న మాటకి వెతుకులాటలో విలువ ఉండదని 1972లోనే కేరెన్ స్పార్క్ జోన్స్ అనే ఆవిడ రాసిపెట్టింది, నేనే చదవలేదు.

సరే, అడ్రసు పీకేసి మళ్లీ కొట్టాను. ఈసారి ఒక్కటీ లేదు. ఎంట్రీ చేసినబ్బాయి స్టేషన్ బోర్డు మీద చూసినట్టు బ్రహ్మపూర్ అని వేశాడు. పెద్దాయన నా మొహంలోకి చూసి, వి.వి.గిరి గారు పుట్టిన ఊరు కూడా తెలీదా నీ మిషన్‌కి అని లేచెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటోందండీ.

అందుకే ఇప్పుడు ఊరికి వేరే ఫీల్డు, అంటే వేరే గడి పెట్టి, బరంపురం, బరంపూర్, బ్రహ్మపూర్, బెర్హంపూర్ నాలుగూ ఒకే ఊరికి కట్టాను. బెంగాల్లోనూ ఒక బహరంపూర్ ఉంది కాబట్టి రాష్ట్రం కూడా. ఇక్కడే ఇంకో తిరకాసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయింది, అంతకుముందు ఇక్కడ అచ్చయిన పుస్తకం మీద మద్రాసు ప్రెసిడెన్సీ అనే ఉంటుంది. అచ్చయినప్పటి చిరునామా ఒక ఫీల్డు, ఇప్పటిది ఇంకో ఫీల్డు. రెండూ కలిపేస్తే మళ్లీ మొదటికే వస్తుంది కథ.

సంవత్సరం సంగతి మరీ ఘోరం. పాత అట్టల మీద ప్రమోదూత అని ఉంటుంది. అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కదా అది, 1930ఆ, 1990ఆ? మనిషి కాయితం రంగు చూసి చెప్పేస్తాడు, సెర్చ్‌కి 1930 అని అంకె వెయ్యాలి, ప్రమోదూత పక్క ఫీల్డులో ఉండనీండి. సుమారుగా, వందేళ్ల కిందట, అలాంటివి అంకెల గడిలో వద్దు బాబూ.

గిడుగు రామమూర్తి గారైతే మన దాంట్లో ముగ్గురున్నారు. గిడుగు వెంకట రామమూర్తి, రామమూర్తి పంతులు, జి.వి.రామమూర్తి. పక్కనే పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మనిషండీ, నోటి మాట పుస్తకంలోకి రావాలని జీవితమంతా కొట్లాడితే ఆయన పేరునే మూడు ముక్కలు చేశాం. మనిషికి ఒక నెంబరు, పేర్లెన్నున్నా ఆ నెంబరు కిందే. అంతే పని.

ఇంకోటి, పేరులో దొరికింది పైకి, వివరంలో దొరికింది కిందకి రావాలి. అది సెట్టింగే, నేను చూసుకుంటాను. గడులు నింపడం మాత్రం నా ఒక్కడి వల్ల కాదు. టిఫిన్ వచ్చేసినట్టుంది, లేవకండి లేవకండి, ఒక్క మాట. ఆదివారం పొద్దున తొమ్మిదికి ఇద్దరు కావాలి, ఒకరికి ఒడియా చదవడం వచ్చుండాలి. ఎవరొస్తారు? చెయ్యెత్తండి.