బైపాస్ అయ్యాక పొట్టలో ఏం మారుతుంది?

[తెర మీద: అరచేతిలో కోడిగుడ్డు]

ఈ గుడ్డు చూశారుగా? బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాక తిండి పట్టే జీర్ణాశయం ఇంతకన్నా చిన్నది. సుమారు 30 మిల్లీలీటర్లు. అంతకుముందు లీటరు దాకా పట్టేది!

మిగతాది కోసి తీసేస్తారా? లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. కోసి తీసేసేది బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్, స్లీవ్‌లో. బైపాస్‌లో మిగతా భాగం లోపలే ఉంటుంది, రసాలు ఊరుతూనే ఉంటాయి. తిన్నది మాత్రం అటు పోదు.

[బొమ్మ: వై ఆకారంలో అతికిన పేగులు]

చిన్నపేగును ఒకచోట కత్తిరించి, కింది కొసను పైకి తెచ్చి ఆ బుల్లి సంచికి కుడతారు. రెండో కొసను ఇంకాస్త కింద పేగుకే అతుకుతారు. ఈ వై అతుకుకు స్విస్ సర్జన్ సీజర్ రూ పేరే పెట్టారు. బరువు కోసం బైపాస్ చేయడం మాత్రం 1960ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్‌తో మొదలైంది.

ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. ఆ తర్వాతి సంగతులు ఏళ్ల తరబడి నడుస్తాయి.

ముందుగా డంపింగ్. తీయటి జ్యూస్ గడగడా తాగేశారనుకోండి. మామూలుగా జీర్ణాశయం చివరి ద్వారం కొంచెం కొంచెంగా కిందికి వదులుతుంది. ఇప్పుడా కాపలా దారిలో లేదు. చక్కెరంతా ఒక్కసారే పేగులో పడి, ఒంట్లోని నీటిని అక్కడికి లాగుతుంది. అరగంట లోపే గుండెదడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత ఇంకో రకం వస్తుంది: ఇన్సులిన్ ఎక్కువగా ఊరి షుగర్ పడిపోతుంది, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి.

ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టేది పేగు మొదట్లో. మనం దాటేసింది సరిగ్గా ఆ భాగాన్నే! బి12 ఇంకా మాయలాడి. లివర్‌లో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. "బాగానే ఉన్నాగా" అని మాత్రలు మానేస్తారు. నిల్వ అడుగంటాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి. అందుకే మాత్రలూ రక్తపరీక్షలూ జీవితాంతం. వాంతులు ఆగకుండా అవుతుంటే బి1 వారాల్లోనే తగ్గిపోయి మెదడుకే ముప్పు. అలాంటప్పుడు ఇంట్లో కూర్చోవద్దు.

సిగరెట్లు, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పిమాత్రలు అతుకు దగ్గర పుండు పడేలా చేస్తాయి.

[బొమ్మ: సందులోకి జారిన పేగు]

నన్నడిగితే అన్నిటికన్నా భయపడాల్సింది దీనికి. బరువు తగ్గేకొద్దీ పేగుల్ని పట్టి ఉంచే పొరలో కొవ్వు కరిగి, సందులు పెద్దవవుతాయి. అందులోకి పేగు జారి మెలిపడితే రక్తం అందక కుళ్లిపోవచ్చు. ఆపరేషనై ఏళ్లు గడిచాక కూడా ఇది రావచ్చు. తిన్నాక నొప్పి వచ్చి పోతూ ఉంటుంది, వాంతులు లేకపోవచ్చు, స్కాన్ మామూలుగానే కనిపించవచ్చు. చూసినవారు గ్యాస్ నొప్పనుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే, నొప్పి ఎక్కడో చెప్పేకన్నా ముందు "నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది" అని చెప్పండి. నొప్పి తగ్గకపోతే, స్కాన్ బాగున్నా సరే, బేరియాట్రిక్ సర్జన్‌ను, అంటే బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టర్‌ను, పిలవమని గట్టిగా అడగండి.