వాదర వెనక మందం: రోజూ వాడే జేబుచాకును ఎంచుకోవడం గురించి

సభాధ్యక్షులకు, నిర్వాహక మిత్రులకు, చేతిపనిముట్ల మీది మమకారంతో సెలవురోజు ఉదయాన్ని వదులుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పరిచయ వాక్యాలలో నన్ను గురించి చెప్పిన మంచిమాటలలో సగం తీసివేసి వినండి. మిగిలిన సగం కూడా నా వయసును చూసి చెప్పినవే. నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘మడతచాకు ఎంపికలో ఉక్కురకాల ప్రాధాన్యం’. ఆ ప్రాధాన్యం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువైపోయిందన్నది కొంతకాలంగా నా మనసులో నలుగుతున్న ఫిర్యాదు కనుక, దాన్ని మీ ముందు పెట్టడానికే ఈ వేదికను వాడుకోబోతున్నానని ముందే మనవి చేస్తున్నాను. ఉక్కు, బ్లేడు, లాక్, పిడి అని నాలుగు భాగాలుగా రాసుకువచ్చాను. ఆ వరస ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

ఉక్కుతోనే మొదలుపెడతాను. జేబుచాకు కొనదలచినవారు ఇప్పుడు మొదట అడిగే ప్రశ్న ‘ఏ ఉక్కు?’ అన్నది. పెట్టె మీద తయారీదారు పేరు కంటే ఉక్కు పేరే పెద్ద అక్షరాలలో కనిపిస్తున్నది. చాకు ఉక్కులో మనం కోరుకునేది పదును ఎక్కువకాలం నిలవడం, దెబ్బకు పెచ్చు లేవకుండా ఓర్చుకోవడం, తుప్పు పట్టకపోవడం. వీటిలో ఒకదాన్ని పెంచబోతే ఇంకొకటి తగ్గడం సాధారణం. సాదా కార్బన్ ఉక్కు సానరాయికి సులువుగా లొంగుతుంది కాని, తడి తుడవకపోతే మచ్చలు పడుతుంది. క్రోమియం పదిన్నర శాతం దాటిన స్టెయిన్‌లెస్ ఉక్కులు తుప్పును బాగా తట్టుకుంటాయి. 2001లో క్రూసిబుల్ సంస్థ చాకుల కోసమే రూపొందించి విడుదల చేసిన ఎస్30వీ అనే ఉక్కులో 4 శాతం వెనేడియం ఉంటుంది. ఆ వెనేడియం కార్బన్‌తో కలిసినప్పుడు ఏర్పడే కణాలు, మనం మామూలుగా వాడే సానరాళ్లలోని అల్యూమినియం ఆక్సైడు కంటే గట్టివి. ఆ చాకు పదును అంతకాలం నిలవడానికీ, ఒకసారి మొద్దుబారాక మామూలు రాయి మీద మొండికేయడానికీ కారణం ఆ కణాలే. దానికి వజ్రపు పొడి పూసిన పలక కావాలి. మరోవైపు, స్విస్ చాకులు చేసే విక్టోరినాక్స్ వారి ఉక్కు, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో దాదాపు 56 దగ్గరే ఆగుతుంది, ఆ ఉక్కు పేరు చెప్పుకొని మురిసిపోయేవారిని నేను చూడలేదు, అయినా ఏ చిన్న రాయి మీదనైనా నాలుగు రుద్దులు రుద్దితే మళ్లీ పనిలోకి వస్తుంది.

రోజూ వాడే చాకుకు నేను ఈ రెండో రకాన్నే కోరుకుంటాను. అడవిలో వారాల తరబడి ఉండి, సాన పట్టే వీలు లేనివారు మొదటి రకం కోరుకుంటే కాదనను. ఉక్కు గురించి నేను చెప్పవలసింది ఇంతే. నిర్వాహకులు క్షమించాలి.

ఇప్పుడు ఈ సభలో జేబులో చాకు ఉన్నవారిని ఒక పని చేయమని కోరుతున్నాను. చాకు తెరిచి, మొన మీకు ఎదురుగా లేకుండా, బ్లేడు పక్కభాగాన్ని కిటికీ వెలుతురుకు చూపండి. వాదర, అంటే కోసే అంచు, పొడవునా సన్నగా మెరిసే ఒక పట్టీ కనిపిస్తుంది. అది సానరాయి తాకిన చోటు. దాని వెడల్పు చూడండి. ప్రతి పక్కా 20 డిగ్రీల కోణంలో సాన పట్టిన చాకుకు ఆ పట్టీ అర మిల్లీమీటరు ఉంటే, పట్టీ ముగిసేచోట బ్లేడు మందం మిల్లీమీటరులో మూడోవంతు. పట్టీ ఒక మిల్లీమీటరు ఉంటే మందం మూడింట రెండు వంతులు. చాకు కోస్తుందా కోయదా అన్నది చాలావరకు తేల్చేది ఈ మందమే. వాదర అన్నది వస్తువులోకి దారి మాత్రమే చేస్తుంది. ఆ దారిలో వెనక వచ్చే మందమంతా దూరాలి కదా. మందపు బ్లేడు ఎంత పదునుగా ఉన్నా, వెంట్రుకను గొరిగినా, దళసరి అట్టలోకి దిగిన రెండంగుళాలకే రెండు వైపులా అట్ట దాన్ని బిగపట్టుకుంటుంది. అక్కడినుంచి అది కోయడం మాని కట్టెలు చీల్చే గొడ్డలిలాగా చీల్చడం మొదలుపెడుతుంది.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. నా ఉద్యోగమంతా ఒక గ్రంథాలయంలో, కొత్త పుస్తకాల పార్శిళ్లు విప్పే విభాగంలో గడిచింది. పురికొస, టేపు, అట్టపెట్టె, పెన్సిలు ముక్క, ఎప్పుడైనా అంచులు కోయకుండా వచ్చిన పాత పుస్తకపు పుటలు: చాకుకు అక్కడ ఉన్న పని ఇదే, రోజంతా ఉండేదీ ఇదే. పదవీవిరమణ రోజున సహోద్యోగులు నా అభిరుచి ఎరిగినవారు కనుక ఎంతో ప్రేమతో ఒక మడతచాకును బహూకరించారు. నల్లని పూత, వాదరకు ఎదురువైపు నాలుగు మిల్లీమీటర్ల మందపు వెన్ను, అరచేతిని నింపే బరువు, పెట్టె నిండా ఉక్కు పేరు. దాన్ని పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టెగా గట్టిగా టేపు చుట్టి ఇచ్చారు. ఆ పెట్టెలన్నిటినీ నిమిషంలో కోసింది నా జేబులోని పాత చాకు. కానుక బయటపడ్డాక, దానితోనే ఏదైనా కోసి చూపమని అందరూ పట్టుబట్టారు. ఆ రోజు వచ్చిన పుస్తకాల పార్శిల్ ఒకటి బల్లమీద పెట్టారు. టేపు బాగానే తెగింది. అట్ట దగ్గరకు వచ్చేసరికి బ్లేడు కిర్రుమని ఆగి, నేను కాస్త బలం పెట్టగానే అట్టను అడ్డదిడ్డంగా చింపుకుంటూ పక్కకు జారింది. లోపల పైనున్న పుస్తకం అట్ట మీద ఒక గీటు పడింది. చప్పట్లు కొట్టారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న మాట నోటిదాకా వచ్చింది కాని, ఇచ్చినవారి మొహాలు చూసి మింగేశాను. ఆ మాటే ఇవాళ మీ ముందు అంటున్నాను.

ఈ మాట అనగానే వచ్చే జవాబు నాకు తెలుసు. ‘సన్నని బ్లేడు విరుగుతుంది, దానితో డబ్బా మూత పెకలించలేము, మేకు లేపలేము’ అంటారు. పెకలించడం చాకు పని అని ఎవరు చెప్పారు? 1891లో కార్ల్ ఎల్సెనర్ స్విస్ సైన్యానికి అందించిన చాకులో బ్లేడు పక్కనే స్క్రూడ్రైవరు, డబ్బా తెరిచే సాధనం, బెజ్జం పొడిచే సూది వేరువేరుగా అమర్చి ఉన్నాయి. సైనికుడి బ్లేడే బ్లేడు పని చేసుకొని ఊరుకున్నప్పుడు, కాగితాల మధ్య బతికే మన బ్లేడు గడ్డపార కావలసిన అవసరం ఏమిటో నాకు బోధపడదు. ఫ్రాన్సులోని సావోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చాకును చూడండి: అందులో ఎక్కువమంది కొనే 8వ నెంబరు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పొడవు, వెన్ను దగ్గరే రెండు మిల్లీమీటర్లకు తక్కువ. దానితో పెన్సిలు చెక్కితే పొట్టు చుట్టలు చుట్టుకుంటూ తెగకుండా వస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల వీరుడితో అదే పెన్సిలు చెక్కండి. పొట్టు ముక్కలు ముక్కలుగా ఎగిరి పడుతుంది, సీసం విరుగుతుంది.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పకపోతే మరచిపోతాను. ‘మొదట్లో బాగా కోసేది, ఇప్పుడు ఎంత సాన పట్టినా కోయడం లేదు’ అని ఏళ్లతరబడి వాడిన చాకును నా దగ్గరకు తెచ్చేవారు ఉన్నారు. వారు సాన సరిగానే పడుతున్నారు. బ్లేడు వాదర నుంచి వెన్నుకు పోయేకొద్దీ మందమవుతుంది కనుక, సాన పట్టిన ప్రతిసారీ వాదర కొంచెం కొంచెంగా ఆ మందంలోకి వెనక్కి జరుగుతుంది. మెరిసే పట్టీ ఏటేటా వెడల్పవుతుంది. అప్పుడు చేయవలసింది వాదరను ఇంకా రుద్దడం కాదు. బ్లేడు పక్కలను గరుకు రాయి మీద దాదాపు బల్లపరుపుగా ఆనించి, ఓపికగా పలచన చేయడం. గీతలు పడి అందం చెడుతుంది. చెడనివ్వండి.

బ్లేడు ఆకారం గురించి నాది పూర్తిగా సొంత ఇష్టమని ఒప్పుకుంటాను. వాదర తిన్నగా ఉండి, వెన్ను కిందికి వంగి వాదరను కలిసే బ్లేడు నాకు నచ్చుతుంది, ఎందుకంటే మొన కిందికి ఉండటంవల్ల అది ఎంత లోతు దిగుతున్నదో వేలికి తెలుస్తుంది, పార్శిలు లోపలి పుస్తకానికి గాయం కాదు. చర్మం ఒలిచేవారికి, కొయ్య చెక్కేవారికి పొట్ట వంపు ఉన్న బ్లేడు కావాలి. ఈ విషయంలో ఎవరి పని వారికి గురువు. పొడవు మాత్రం ఏడు సెంటీమీటర్లు దాటితే నా పనికి ఎక్కువ.

లాక్ దగ్గరకు వస్తాను. లాక్ లేని చాకు చేతికి ప్రమాదమని ఇప్పుడు చాలామంది నమ్మకం. ఒక్కసారి బలం ఏ దిక్కుకు పోతున్నదో ఆలోచించండి. కోసేటప్పుడు బలం వాదర మీద పడుతుంది. అది బ్లేడును తెరుచుకునే దిక్కుకే నెడుతుంది కాని మూసుకునే దిక్కుకు కాదు. మొనతో పొడిచినప్పుడు, ఇరుక్కున్న బ్లేడును మెలితిప్పి లాగినప్పుడు, వెన్నుతో కొట్టినప్పుడు మాత్రమే అది వేళ్ల మీదికి మూసుకుంటుంది. ఆ మూడూ చేయనివారికి పిడి వెన్నులో ఉండి బ్లేడును ఒత్తిపట్టే స్ప్రింగు బిగువు చాలు. చేసేవారికి లాక్ ఉండవలసిందే, అందులో వాదన లేదు. 1955లో ఒపినెల్ చాకుకు చేర్చిన తిరిగే లోహపు ఉంగరం లాంటి సరళమైన లాక్ అయితే ఇంకా మేలు. కుడిచేతివాటం, ఎడమచేతివాటం అన్న తేడా దానికి లేదు. పిడి లోపలి రేకు పక్కకు వంగి బ్లేడును ఆపే లాక్‌లు కుడి బొటనవేలును దృష్టిలో పెట్టుకొని చేసినవే ఎక్కువ. సభలో ఎడమచేతివాటం వారు తల ఊపుతున్నారు, చూస్తున్నాను.

లాక్ కావాలనుకునేవారు చట్టాన్ని కూడా చూసుకోవాలి. ఇంగ్లండులో 1988 నాటి నేరన్యాయ చట్టం 139వ సెక్షను, వాదర మూడు అంగుళాలకు మించని మడిచే జేబుచాకును కారణం చెప్పనవసరం లేకుండా బహిరంగ స్థలాలలో దగ్గర ఉంచుకోనిస్తుంది. అయితే తెరిచాక లాక్ పడే చాకు ఆ మినహాయింపు కిందికి రాదని అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒక్కో దేశంలో ఒక్కో నియమం. ప్రయాణానికి ముందు తెలుసుకోండి. విమానంలో మీతో ఉంచుకునే సంచిలో మాత్రం పెట్టకండి; తనిఖీలో పోయిన చాకు తిరిగి రావడం కష్టం.

ఒంటిచేత్తో తెరవడం గురించి కూడా రాసుకువచ్చాను. 1981లో స్పైడెర్కో సంస్థ బ్లేడుకు గుండ్రని రంధ్రం, పిడికి క్లిప్పు పెట్టి ఒక చాకును తెచ్చినప్పటినుంచి ఈ రెండూ దాదాపు తప్పనిసరి అయిపోయాయి. నిచ్చెన మీద ఒక చేత్తో తాడు పట్టుకున్నవారికి ఆ రంధ్రం గొప్ప సౌకర్యం, నిజమే. క్లిప్పు మీదే నాకు కోపం. అది జేబు అంచున చాకును నిలబెడుతుంది. అయితే గట్టిగా పట్టుకొని పది నిమిషాలు కోస్తే అరచేతిలో ఎర్రని గాడి పెట్టేదీ అదే. దుకాణంలో చాకును తెరిచి మూసి చూస్తారు కాని బిగించి పట్టుకొని చూడరు. దయచేసి పట్టుకొని చూడండి, క్లిప్పు ఎక్కడ తగులుతుందో చూడండి, స్క్రూ విప్పి దాన్ని తీసివేయడానికి వీలుందో లేదో అడగండి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. పిడికి రెండు నిమిషాలు మిగిలాయి. పిడి అంచులు గుండ్రంగా ఉండాలి, నాలుగు వేళ్లకూ చోటుండాలి, జేబులో బరువు తెలియకూడదు. మామూలు స్విస్ చాకు అరవై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. 1964లో వచ్చి పేరుపొందిన బక్ 110 రెండువందల గ్రాములు దాటుతుంది. అది మంచి చాకే, కాని దాన్ని నడుముకు వేలాడే తోలు ఒరలో పెట్టుకోవాలి. కొయ్యపిడి చేతికి హాయిగా ఉంటుంది, తడిస్తే మాత్రం ఉబ్బి బ్లేడును లోపలే బిగించేస్తుంది. ఒపినెల్ వాడేవారు అప్పుడు గోరు విరగ్గొట్టుకోరు. ఉంగరాన్ని లాక్ లేని స్థితికి తిప్పి, పిడి చివరను గట్టి బల్ల మీద ఠక్కున తడతారు, బ్లేడు మొన గోటికి అందేంత బయటికి వస్తుంది. కొనేముందు గుడ్డ, నూనె, మైనం అంటూ బెంగపడకుండా, ఆ ఒక్క దెబ్బ నేర్చుకుంటే వానాకాలం గడిచిపోతుంది.

విరామ సమయంలో కింది బల్ల దగ్గర ఉంటాను. నాతో మూడు రకాల చాకులు, ఒక గరుకు రాయి, ఒక నున్నని రాయి, కావలసినంత అట్ట ఉన్నాయి. మీ చాకులు కూడా తెండి. మడిచి ఇవ్వండి. పట్టీ వెడల్పు కొలవడానికి స్కేలు గీసిన భూతద్దం నా సంచిలో ఉంది. మిల్లీమీటరు దాటినవారు నాతో వాదించడానికి భోజనాల తరువాత రావచ్చు. సెలవు.