మడ నాటే ముందు కాలువ తవ్వండి

(దివిసీమ ఉప్పెన సంస్మరణ సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

1977 నవంబరు 19 గురించి దివిసీమలో నిలబడి నేను చెప్పడమేంటి? ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు మీలోనే ఉన్నారు. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి, సుమారు 10 వేల మంది పోయారు. నేను మాట్లాడేది తీరాన ఉప్పునీళ్లలో పెరిగే మడ అడవి గురించి.

మడ ఉంటే ఉప్పెన ఆగిపోతుందని స్టేజీల మీద చెబుతుంటారు. ఆగదు. గాలికి లేచే అలల్ని మడచెట్లు బాగానే విరుస్తాయి. ఉప్పెన అలాంటి అల కాదు, సముద్రమే ఉబ్బి ఊళ్ల మీదికి రావడం. కిలోమీటరు వెడల్పున అడవి ఉంటే దాని ఎత్తు 5 నుంచి 50 సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది, అంతే. కరకట్ట పక్కన నాలుగు వరుసలు నాటి ఫొటో దిగితే ఏం లాభం? ఒడిశాలో 1999 తుపానుకి దెబ్బతిన్న కేంద్రపడా ఊళ్లలో లెక్కలు తీశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా ఉన్నచోట చావులు తగ్గాయి. ముందస్తు హెచ్చరిక మాత్రం అంతకంటే ఎక్కువమందిని కాపాడిందని ఆ పరిశోధనలోనే తేలింది. అందుకని మడను నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి, చెప్పగానే తుపాను షెల్టర్‌కి వెళ్లండి.

ఇక నాటడం. మేం మొదటిసారి నాటిన మొక్కలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. చెప్పుకోడానికి సిగ్గే. పర్రలో, అంటే పోటు నీళ్లు ఎక్కే చవిటి నేలలో, ఉప్పు తెల్లగా తేలినచోట గోతులు తీసి పాతేశాం. చెట్లు కొట్టేసిన నేల ఎండి, కుంగి పళ్లెంలా అవుతుంది. పోటుకి వచ్చిన నీళ్లు పాటుకి వెనక్కి పోలేక అక్కడే ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. ఉప్పునీళ్లలో పెరిగే చెట్టుకీ ఒక హద్దుంటుంది కదా.

దీనికి మందు చేపముల్లు కాలువలు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పెట్టిన ఫౌండేషన్ వాళ్లు, అటవీ శాఖ, ఊళ్ల జనం కలిసి చేసి చూపించారు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటు ఎక్కి, పాటు దిగి, ఉప్పు కడుక్కుపోతుంది. మొక్కను కాలువ గట్టు వాలులో మధ్యన పెట్టాలి. అడుగున పెడితే మునుగుతుంది, పైన పెడితే ఎండుతుంది.

ఆ కాలువలు పూడిపోతుంటాయి. నాటడానికి డబ్బు ఇస్తామని ఎవరైనా వస్తే, పూడిక తీయడానికి ఎవరిస్తారని ముందు అడగండి. రొయ్యల చెరువు గట్టు పాయకి అడ్డం పడినచోట ఏ కాలువా పనిచేయదు. ఈ మాటకి కొందరికి కోపం రావచ్చు. ఆ గట్టు ఎవరిదో నాకంటే మీకే బాగా తెలుసు.

రేపు పొద్దున్న పోటు వేళకి పర్రలోకి వెళ్తున్నాం. నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నాయో కర్రలు పాతి గుర్తుపెడదాం. చెప్పులతో రాకండి, బురదలో నిలవవు.