ఖాళీగా ఉన్న సర్వరు, ఆగిపోయిన పని

సభకు నమస్కారం. ఆదివారం సాయంత్రం మారతహళ్లి ట్రాఫిక్‌కు ఓర్చి వచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలచుకునే ఆనవాయితీని ఈ ఒక్కసారికి వదిలేస్తున్నాను, మన్నించాలి.

సర్వర్ మీద నడిచే పనులకు ప్రాసెసర్, మెమరీ పరిమితులు ఎలా పెట్టాలన్నది నాకిచ్చిన అంశం. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ మొదలుపెట్టిన పని, ప్రోగ్రాంలను గుంపులుగా చేసి ఒక్కో గుంపుకు హద్దు పెట్టే సీగ్రూప్స్ అన్న పేరుతో 2008 జనవరిలో లినక్స్ 2.6.24 కెర్నల్‌తో, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయతో, మన చేతికి వచ్చింది. ప్రోగ్రాంను దానికి కావలసినవాటితో కలిపి విడిగా నడిపే ఈనాటి డాకర్ కంటైనర్ అయినా, అలాంటి కంటైనర్లను ఎన్నో సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్‌లోని పాడ్ అయినా, మనం పెట్టే పరిమితి చివరికి చేరేది ఆ కెర్నల్ ఫైళ్లలోకే.

మెమరీ సంగతి త్వరగా ముగిస్తాను. పరిమితి నిండినప్పుడు కెర్నల్ వెనక్కి తీసుకోగలిగిన పేజీలన్నీ, అంటే మెమరీ ముక్కలన్నీ, తీసుకుంటుంది. అప్పటికీ చోటు చాలకపోతే ప్రోగ్రాంను చంపేస్తుంది, బలవంతంగా ఆపారని చెప్పే 137 అన్న కోడ్ మనకు కనబడుతుంది. అది కఠినమే, కానీ దాపరికం లేని కఠినత్వం. అర్ధరాత్రయినా ఎవరో ఒకరి ఫోన్ మోగుతుంది. ప్రాసెసర్ పరిమితికి ఆ మర్యాద లేదు. అది ఎవరినీ చంపదు, ఎవరికీ చెప్పదు, ఊరికే ఆపి ఉంచుతుంది.

నేను పనిచేసిన ఒక సంస్థలో, పేరు అనవసరం, గో భాషలో రాసిన చెల్లింపుల సర్వీసు ఒకటి మధ్యాహ్నం రద్దీ వేళల్లో నత్తనడక నడిచేది. గ్రాఫు చూస్తే ప్రాసెసర్ వాడకం పరిమితిలో సగమైనా లేదు. కాబట్టి తప్పు డేటాబేస్‌దేనని తీర్మానించి, ఆ పని చూసే ఒంగోలు అమ్మాయి చేత వారాల తరబడి క్వెరీలు తిరగరాయించారు. చివరికి ఆమే కంటైనర్‌లోకి వెళ్లి ప్రాసెసర్ లెక్కలు రాసి ఉండే సీపీయూ డాట్ స్టాట్ ఫైలు తెరిచింది. అందులో ప్రోగ్రాంను ఎన్నిసార్లు ఆపారో చెప్పే ఎన్ఆర్ థ్రాటిల్డ్ అన్న వరుస, తెరిచిన ప్రతిసారీ పెరిగి కనబడుతోంది. ‘‘అన్నా, మెషిన్ ఖాళీగానే ఉంది, మనల్నే ఆపేస్తున్నారు చూడు’’ అంది.

జరిగింది ఇది. సర్వరు ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే 16 కోర్లు, కంటైనర్ పరిమితి 2 కోర్లు. కెర్నల్ ఈ పరిమితిని మామూలుగా 100 మిల్లీసెకన్ల గడువులుగా లెక్కగడుతుంది. అంటే గడువుకు 200 మిల్లీసెకన్ల ప్రాసెసర్ సమయం. ఆ గో ప్రోగ్రాం తనకు 16 కోర్లూ ఉన్నాయనుకుని 16 థ్రెడ్లను, అంటే పని పాయలను, ఒకేసారి పరిగెత్తిస్తే, ఆ కోటా 12.5 మిల్లీసెకన్లలో ఖర్చయిపోతుంది. ఒకటో తారీఖు జీతం నాలుగో తారీఖుకే అయిపోయిన ఇంటి పరిస్థితి. మిగిలిన 87.5 మిల్లీసెకన్లూ, పక్కన కోర్లు ఎన్ని ఖాళీగా ఉన్నా, ప్రోగ్రాం కదలదు. నిమిషం సగటు చూపించే గ్రాఫులో ఈ ఆగడం కనబడనే కనబడదు.

ఆ 2 అన్న అంకె ఎక్కడిదని ఆరా తీస్తే, ఇంకో టీం ఫైలులోంచి ఎవరో ఎత్తి అతికించినదని తేలింది. అంతలోపే సర్వర్లు పెంచేశారు, బిల్లూ పెరిగింది. సమీక్ష సమావేశంలో ఆ అమ్మాయి పేరు ఎవరూ ఎత్తలేదు. నా బాధ అది, దాన్ని ఈ వేదిక మీద చెప్పుకోవాలనే వచ్చాను.

ఇక్కడున్న టీం లీడర్లను అడుగుతున్నాను: మీ డాష్‌బోర్డులో థ్రాటిలింగ్ గ్రాఫు, అంటే ఈ ఆగడాన్ని చూపే గ్రాఫు, ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. సరే, దించండి. నేననుకున్నంత మందే ఉన్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మెమరీకి పరిమితి తప్పనిసరిగా పెట్టండి. ప్రాసెసర్‌కు మాత్రం కుబర్నెటీస్‌లో రిక్వెస్ట్, అంటే కనీసం ఇంత కావాలన్న కోరిక, జాగ్రత్తగా రాయండి. అది కెర్నల్‌లో వాటాగా మారి, పోటీ వచ్చినప్పుడు మీ వంతు మీకు దక్కిస్తుంది, పోటీ లేనప్పుడు ఖాళీ కోర్లను వాడుకోనిస్తుంది. సర్వరును బయటి కస్టమర్లకు పంచి, వాడకాన్ని బట్టి డబ్బు వసూలు చేసేచోట కఠిన పరిమితి న్యాయమే. సొంత టీంలే ఉన్నచోట దాన్ని పెట్టేవాళ్లు కారణం రాసి పెట్టాలి.

పరిమితి ఉంచక తప్పదంటే ప్రోగ్రాంకు ఆ సంగతి తెలియాలి. జావా 10వ వెర్షన్ నుంచి కంటైనర్ పరిమితిని తానే చూసుకుంటుంది. గో మాత్రం 2025 ఆగస్టులో వచ్చిన 1.25తోనే ఆ పని మొదలుపెట్టింది. పాత వెర్షన్లలో ఉన్నవారు ఒకేసారి ఎన్ని థ్రెడ్లు నడవాలో చెప్పే గోమాక్స్‌ప్రాక్స్ విలువను చేత్తో పెట్టుకోవాలి.

నిర్వాహకులు చీటీ పంపారు. మెమరీకి మెత్తని హద్దు పెట్టే మెమరీ హై గురించి చెప్పనేలేదు. అడిగేవారుంటే ప్రశ్నల సమయంలో చెబుతాను.